మెత్తటి కుర్చీ

"అకౌంట్స్ సెక్షన్ నుంచి కుర్చీలకోసం వచ్చింది నువ్వేనా అమ్మా?"

షోరూంలో ఎవరో పెద్దాయన అలా పలకరించేసరికి ఆమె ఎగాదిగా చూసింది. తను వస్తున్నట్టు ఈయనకెవరు చెప్పారు?

"నేనే. ఏం?"

"ఏం లేదమ్మా. ఆ మెత్తటిది మాత్రం తీసుకోకు."

ఉద్యోగంలో చేరిన కొద్ది రోజులకే మేనేజరు పిలిచి, ఆఫీసంతటికీ కొత్త కుర్చీలు ఎంచుకు రమ్మన్నాడు. మంచిపేరు కొట్టేయడానికి ఇంతకంటే అదను దొరకదని ఆమె తెగ సంబరపడింది. మధ్యలో ఈయనెవరు?

"ఎందుకు వద్దు? దూదిలో కూర్చున్నట్టుంది," అంది.

"అదే దాంతో చిక్కు. కాసేపు ఏ కుర్చీ అయినా హాయిగానే ఉంటుంది. పూటంతా పని చేస్తే తెలుస్తుంది దాని సంగతి."

మూలనున్న, వీపు ఆనేచోట జాలీ అల్లిన కుర్చీని ఆయనే లాక్కొచ్చాడు.

"ఇందులో కూర్చో. పాదాలు నేలకి ఆనాయా? మోకాళ్ల వెనక వేళ్లు దూరుతున్నాయా? ఆ వెనకది కాస్త పైకి జరుపు. నడుం వంపులో సరిగ్గా కుదరాలి."

ఆమె కూర్చుని, గట్టిగా ఉందని లేచింది.

"ఈ కంపెనీ తరఫున వచ్చారా మీరు?"

ఆయన ముఖం చిన్నబోయింది. "కాదమ్మా, నేనెవరినంటే..."

"తెలుసులెండి. కమిషన్ కోసం కాచుక్కూర్చునేవాళ్లని నేనూ చూశాను."

సేల్స్‌మన్‌ని పిలిచి, ఇలాంటివాళ్లని లోపలికెందుకు రానిస్తారని నిలదీసింది. అతను ఆయన్ని భుజం పట్టుకుని తలుపు దాకా తీసుకెళ్లాడు. ఆయన గుమ్మంలో ఆగి, "పోనీ, నీ ఒక్కదానికైనా ఆ జాలీది తీసుకో తల్లీ," అన్నాడు.

దాంతో ఆమెకు పంతం వచ్చింది. అందరికీ మెత్తటివే చెప్పేసింది.

కుర్చీలు దిగిన రోజు ఆఫీసంతా ఆమెను ఆకాశానికెత్తేసింది.

వానలు పడేవేళకి ఒక్కొక్కరే నడుం పట్టుకుని లేవడం మొదలెట్టారు. ఆమెకైతే కాలిదాకా లాగేసేది. వంగి చెప్పులు తొడుక్కోవడమే గగనమైపోయింది. కుర్చీలు మార్చమని బతిమాలితే, వాడినవి వెనక్కి తీసుకోం పొమ్మన్నారు షోరూం వాళ్లు.

చివరికి కుంటుకుంటూ ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లింది.

"ఏం పని చేస్తారు?" అడిగింది థెరపిస్టు.

ఆమె ఆఫీసు పేరు చెప్పి, అకౌంట్స్ సెక్షనంది.

పక్క మంచం మీద తన ఈడు అమ్మాయే ఒకతె, మరొకరు పట్టుకుంటేగాని పక్కకి తిరగలేక అవస్థ పడుతోంది. ఓపిగ్గా తిప్పుతున్న మనిషిని చూసి ఈమెకు పైప్రాణాలు పైనే పోయాయి. షోరూంలో తను గెంటించిన పెద్దాయన.

ఆయనా గుర్తుపట్టాడు. ఆమె నడుముకున్న బెల్టు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు విప్పబోతున్న ఆమెను, ఏమీ అనొద్దన్నట్టు చేత్తో వారించాడు.

ఆమె సిగ్గుతో తల దించుకుంది.

మంచం మీది అమ్మాయి మెల్లిగా తల తిప్పింది.

"నాన్నా, నేను మానేశాక నా సీట్లోకి వచ్చిన అమ్మాయి ఈవిడేనా... నువ్వు చెప్పిన కుర్చీయే కొన్నదన్నావుగా, మరి ఇక్కడికెందుకొచ్చింది?"