గోడలో అత్తయ్య

బండి సరిగ్గా మలుపులో ఉండగా పరీక్షాధికారి కెవ్వుమన్నాడు.

స్టీరింగు పట్టుకున్న పెద్దావిడ కూడా కెవ్వుమంది. దారి పక్కన నిలబెట్టిన మూడు ప్లాస్టిక్ కోన్లను పడగొట్టి బండి ఆగింది.

"ఏమైంది సార్? ఎవరైనా అడ్డమొచ్చారా?"

"ఏం లేదమ్మా. దోమ కుట్టింది."

"దోమ కుడితే అంత కేకా?"

"ఫెయిల్!" అంటూ ఆయన ఒళ్ళోని పుస్తకం టపీమని మూశాడు.

డ్రైవింగు పరీక్షల ఆఫీసులో ఆయన్ని అందరూ చాటుగా బ్రేకులయ్య అంటారు. పదిమంది వస్తే ఎనిమిదిమందికి బ్రేకు వేసి ఇంటికి పంపే మనిషి. ఒళ్ళో ఎప్పుడూ రోడ్డు నియమాల పుస్తకం తెరిచి ఉంటుంది. ఇన్నేళ్ళ సర్వీసు తరవాత కూడా ఇంకా చదువుతున్నాడంటే ఎంత నిష్ఠో అనుకునేవారు జనం.

నియమాలు అట్ట వరకే. లోపలున్నది ఆయన తొమ్మిదేళ్ళ కూతురి కథల పుస్తకం, "గోడలో అత్తయ్య".

ఆ అత్తయ్య గోడలోంచి చెయ్యి చాపి, పొరుగింటావిడ చక్కెర అడిగినట్టు, ఒక చిన్నపిల్లని రోజుకొకటి అడుగుతుంది. మొదటిరోజు దగ్గు అడిగింది. పోతే పోయిందని పిల్ల సంతోషంగా ఇచ్చేసింది. తరవాత ఆవలింత అడిగింది. ఆ తరవాత నీడ.

"నాన్నా, నువ్వు చదవకు, జడుసుకుంటావు" అని కూతురు ముందే చెప్పింది.

అంతే, బ్రేకులయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. కూతురు బడికెళ్ళగానే పుస్తకం తెచ్చుకుని, ఆ పిల్ల ఇంటికొచ్చేలోగా ఎక్కడిదక్కడ పెట్టేసేవాడు.

కాని పిల్ల మాటే నిజం. ఒంటరిగా రెండు పేజీలు చదవడం కూడా ఆయన వల్ల కాలేదు. పక్కన ఓ మనిషి ఉండాలి. పగలంతా ఆయన పక్కన కూర్చునేది పరీక్షకొచ్చినవాళ్ళే కదా!

పైగా, గొణక్కుండా చదవడం ఆయనకు చిన్నప్పట్నుంచీ రాదు.

వారం తిరిగేసరికి పెద్దావిడ మళ్ళీ వచ్చింది. తప్పినవాళ్ళు వారం ఆగి రావాలి, పాసైనవాళ్ళు మళ్ళీ రాకూడదు. అక్కడి రూలు అది.

"ఇంతకీ ఆవలింత కూడా ఇచ్చేసిందా సార్, ఆ పిల్ల?"

బ్రేకులయ్య గబుక్కున పుస్తకం మూశాడు. "ఏ పిల్ల?"

"మీరు గొణుగుతుంటే వినబడింది లెండి. నేనెవరితోనూ అనను."

"రోడ్డు చూడమ్మా!"

చూసింది. కాని ఆయన మళ్ళీ పుస్తకం తెరిచి, గొణుగుతూ అత్తయ్య నీడ అడిగే చోటికి రాగానే "ఇవ్వకే పిల్లా!" అని అరిచి, ఎర్రదీపం దాటేసింది.

"ఫెయిల్!"

ఆ సాయంత్రం గుమాస్తా ఒక మాట చెవిన వేశాడు.

"సార్, డ్యూటీలో మీరు కథల పుస్తకాలు చదువుతారని ఎవరో పైకి ఉత్తరం రాశారట. పై ఆఫీసు మనిషి ఎవరో పరీక్ష వంకతో వచ్చి చూస్తారట. దొరికితే సస్పెన్షనే!"

బ్రేకులయ్యకు ముచ్చెమటలు పోశాయి. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఏ పుస్తకమో తెలిస్తే నలుగురూ నవ్వుతారన్న భయం ఒకటి. నిజం చెప్పాలంటే రెండోదే పెద్ద భయం.

మర్నాడు బ్రీఫ్‌కేసుతో ఒక మీసాలాయన వచ్చాడు. వాలకం చూడగానే బ్రేకులయ్య పసిగట్టేశాడు. పుస్తకాన్ని సీటు కిందికి తోసి, అరగంటసేపు కళ్ళార్పకుండా రోడ్డునే చూశాడు. పాస్ చేసి, తలుపు తీసి మరీ దింపాడు.

గండం గట్టెక్కింది. ఇక పెద్దావిడ దగ్గర దాపరికం దేనికి?

మూడోవారం, నాలుగోవారం గొంతెత్తే చదివాడు.

"ఆ పిల్ల నీడ తొడుక్కుని అత్తయ్య భోజనాల దగ్గర కూర్చుందా! ఎంత గుండెలు తీసిన బంటు!"

"కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదమ్మా!"

"నాకు ఒళ్ళు జలదరిస్తోంది నాయనా. ఆపకు, ఆపకు."

మూడోసారి ఆవిడ బండిని గోడకు గుద్దింది. నాలుగోసారి కాలవలో దించబోయింది.

"రాని విద్య నీకెందుకమ్మా ఈ వయసులో? హాయిగా ఇంట్లో కూర్చోకూడదూ?" అని విసుక్కున్నాడు బ్రేకులయ్య.

ఆవిడ నవ్వి, "వచ్చేవారం చివరి అధ్యాయమేగా?" అంది.

అయిదోవారం పుస్తకం లేదు. స్నేహితురాలికి చూపించాలని కూతురు బడికి పట్టుకుపోయింది.

వినడానికి ఏమీ లేకపోయేసరికి పెద్దావిడ చూపు రోడ్డు మీద నిలిచింది. మలుపులు, ఎత్తులు, వెనక్కి తీయడం, ఒక్కచోట కూడా బండి తడబడలేదు. బ్రేకులయ్య నోరు తెరుచుకుని చూశాడు.

"పాస్!"

ఆవిడ మొహం వాడిపోయింది. లైసెన్సు వచ్చిందని దిగులుపడ్డ మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

"ఇంకొక్కసారి తప్పించకూడదూ?"

"తప్పు చేస్తేగా తప్పించడానికి? రూలు రూలే."

"పోనీ చివరికి ఏమైందో చెప్పు నాయనా."

"నేనూ ఇంకా చదవలేదమ్మా. పుస్తకం కొనుక్కుని చదువుకో."

"ఒక్కదాన్నేనా? బాబోయ్!" అంటూ ఆవిడ మెల్లగా దిగి వెళ్ళిపోయింది.

పది రోజులకు పై ఆఫీసు నుంచి చేత్తో రాసిన నివేదిక వచ్చింది.

"ఆరోపణకు ఆధారం లేదు. పరీక్షాధికారి ఒళ్ళో ఉన్నది రోడ్డు నియమాల పుస్తకమే. అట్ట స్పష్టంగా చూశాను."

కింద అర్థంకాని గొలుసుకట్టు సంతకం.

"చూశావా, మీసాలాయన్ని ఎలా బోల్తా కొట్టించానో!" అని గుమాస్తా ముందు విరగబడి నవ్వాడు బ్రేకులయ్య.

నవ్వుతూనే కాగితం తిప్పాడు. వెనకవైపు అదే చేతిరాతలో, పెన్సిలుతో, సన్నగా రాసి ఉంది:

"పాసైనవాళ్ళు మళ్ళీ రాకూడదు కదా నాయనా, అందుకని ఇలా అడుగుతున్నాను. ఇంతకీ ఆ పిల్లకి నీడ దొరికిందా?"