లోకుల గ్లాసు

పాపం మనిషిని ఎక్కడ తాకుతుంది? పెదవి దగ్గరా, మనసు దగ్గరా?

ఉల్లిమళ్లలో కలుపు తీస్తూ మావ్రా తనను తాను ఎన్నోసార్లు అడిగిన ప్రశ్న ఇది. ప్రతిసారీ పెద్దలు నేర్పిన జవాబే చెప్పుకునేది: పెదవి దగ్గర.

అందుకే పేయ్‌పుస్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, పాత క్రైస్తవ ఆచారాలను వదలని పాతవిశ్వాసుల ఊళ్లో, ప్రతి గుమ్మం పక్కనా ఒక మేకు, ఆ మేకుకు ఒక గ్లాసు. లోకుల గ్లాసు. విశ్వాసానికి వెలుపలివాళ్లకు నీళ్లిచ్చేది అందులోనే. గడ్డం గీసుకున్న మగవాడు ఎవరైనా వెలుపలివాడే.

ఆ వేసవిలో ఒక ఉదయం ఆమె గేటు దగ్గర ఎవరో ఆగారు. అరవై ఏళ్ల మనిషి. పాలిపోయిన ముఖం. వెంట్రుక జాడ లేని నున్నటి గడ్డం.

“దాహంగా ఉందమ్మా. కాసిని నీళ్లిస్తారా?”

“నీళ్లకేం లోటు? అక్కడే ఆగు నాయనా, మెట్టెక్కకు.”

మేకు మీది గ్లాసు తీసి, నింపి ఇచ్చింది.

అందుకోబోయిన అతని కుడిచేయి గుండె దాకా లేచి ఆగిపోయింది. ఆయాసం కాబోలు అనుకుంది మావ్రా.

అతడు గ్లాసును చూశాడు. మేకును చూశాడు. నీళ్లు తాగి, గ్లాసు కడిగి, బోర్లించి ఇచ్చాడు.

పేరు లవ్రెంతి అన్నాడు. రేవు దగ్గర హెల్మి ఇంట్లో గది తీసుకున్నాడట. సరస్సు గాలికి కొన్నాళ్లు తిరగమని డాక్టరు చెప్పాడట.

అతడు వెళ్లగానే పొరుగింటి పెలగేయా కంచె మీంచి తొంగి చూసింది.

“ఏం వదినా, ఈ వయసులో నున్నటి పెళ్లికొడుకు దొరికాడే!”

“నీ నోట్లో ఉల్లిపొట్టు! ఆ మొహానికి నీళ్లిచ్చిందే ఎక్కువ.”

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అడక్కుండానే మడి గట్టున కూర్చుని, ఓపిక ఉన్నంతసేపు కలుపు తీసేవాడు. మావ్రా అతనితో కబుర్లాడేది. బల్ల దగ్గరికి మాత్రం పిలిచేది కాదు.

“ఇంత నిష్ఠ కష్టం కాదా అమ్మా?”

“బురద పక్కన నడిస్తే కాలికి అంటదూ? దూరంగా నడవడమే సుఖం నాయనా.”

“నిజమే,” అన్నాడు.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు.

“మీ ఊళ్లో పాపాల ఒప్పుకోలు వినేదెవరమ్మా?”

మావ్రా చేయి కలుపు మీదే ఆగిపోయింది.

ఎవరూ లేరు. ఉపదేశి కన్నుమూసి పదేళ్లయింది. ఆమెకు ఎనభై దగ్గర పడింది. ఉపదేశి ఉన్నన్నాళ్లూ నోరు రాక చెప్పుకోని పాపం ఒకటి మిగిలే ఉంది. దానితోనే మట్టిలోకి పోతే దేవుని ముందు ఏ ముఖంతో నిలబడాలి? ప్రతి ప్రార్థన చివరా ఆమె మొర ఒకటే: ప్రభువా, వినడానికి ఒక్కణ్ణి పంపు.

ఆమె చెల్లెలు ఉస్తీన్యా వేరే మతంవాణ్ణి పెళ్లాడి ఊరు విడిచింది. నలభై ఏళ్ల కిందట, ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఇదే గుమ్మానికి వచ్చి, “అక్కా, నీళ్లు,” అంది. మావ్రా లోకుల గ్లాసులో ఇచ్చింది. ఉస్తీన్యా ముట్టుకోలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ చలికాలం దాటలేదు.

నియమం తప్పలేదు. అయినా అది పాపమేనని మావ్రాకు తెలుసు. ఎలా తెలుసో మాత్రం తెలియదు.

“గడ్డం గీక్కునేవాడికి ఆ ఊసులెందుకయ్యా?” అంది కటువుగా.

అతడు చెంప తడుముకుని నవ్వాడు.

“పోనీలెండి. మొలిచాకే అడుగుతాను.”

ఉల్లి జడలు చూరుకు ఎక్కే వేళకు అతడు రావడం మానేశాడు. నాలుగోనాడు పెలగేయా కబురు తెచ్చింది.

“నీ నీళ్ల మనిషి పోయాడు వదినా. హెల్మి ఇంట్లో పెట్టెలో పడుకోబెట్టారు. చూసొద్దామా?”

“లోకుల ఇంటి గడప నేనెప్పుడు తొక్కాను?” అంది మావ్రా. కానీ ఆ పూట ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం గేటు దగ్గర మరో కొత్త మనిషి ఆగాడు. నలభై ఏళ్లుంటాయి. ఛాతీ దాకా గడ్డం. పాతవిశ్వాసుల పద్ధతిలో రెండు వేళ్లతో సిలువ గుర్తు వేసుకుని, నడుం వంచి నమస్కరించాడు.

మావ్రా గబగబా ఎదురెళ్లింది. ఇన్నాళ్లకు మొర ఆలకించావా ప్రభువా!

“లోపలికి రా నాయనా, రా! నువ్వు ఉపదేశివా?”

“అంత భాగ్యమా! శిష్యుణ్ణమ్మా, ఎవ్సేయ్ అంటారు. లాత్వియా నుంచి వచ్చాను, మా ఉపదేశిని సాగనంపడానికి.”

“ఎవరాయన?”

“లవ్రెంతిగారు. మూడు నెలలు మీ నీళ్లే తాగారట. ఒక్కసారి కనిపించి దణ్ణం పెట్టి రమ్మన్నారు.”

“ఆ మనిషికి గడ్డం…”

“జబ్బుకిచ్చిన మందులకు రాలిపోయిందమ్మా.”

మావ్రా మేకు మీది గ్లాసు వైపు చూసింది.

“మూడు నెలలు నా కళ్లెదుటే కూర్చున్నాడే! ఒక్క మాట చెప్పకూడదటయ్యా?”

“ఫోనులో నేనూ అదే అన్నాను. ‘ఇప్పుడు చెబితే, మొదటిరోజు ఇచ్చిన గ్లాసు తలుచుకుని ఆ తల్లి కుమిలిపోతుంది. క్రిస్మస్‌కల్లా గడ్డం మొలవకపోదు. కొత్తవాడిలా వెళ్లి గేటు తడతాను. ఆమె గుండెలో ఏదో ముల్లుంది, అది వినేదాకా నన్ను ఉంచమని ప్రార్థించు’ అన్నారు.”

మావ్రా గేటు దాటి నడవసాగింది.

“వదినా, చెప్పుల్లేకుండా ఎక్కడికి?” పెలగేయా కేక వేసింది.

ఆమె ఆగలేదు. హెల్మి ఇంటి గడప దాటి, శవపేటిక ముందు మోకాళ్లూని, గదిలో అందరూ వింటుండగా, నలభై ఏళ్లుగా గొంతులో నిలిచిపోయిన మాట ఎత్తుకుంది: “తండ్రీ, నా చెల్లెలు దాహమని వచ్చింది…”