మొదటి క్లయింటు

రెండు కుర్చీలూ ఒకే ఎత్తువి వెయ్యాలి. మధ్యలో బల్ల ఉండకూడదు. మాటలు రికార్డు చేసే టేపు తిరుగుతోందని ముందే చెప్పాలి. ‘రోగి’ అనకూడదు, ‘క్లయింటు’ అనాలి. సలహా ఇవ్వకూడదు. తప్పొప్పులు ఎంచకూడదు. మౌనానికి భయపడకూడదు.

ఇర్మా ఆ కాగితాన్ని మరోసారి చదువుకుంది.

పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం, షికాగో. యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రంలో చేరాక ఇది ఆమె మూడో టేపు. తోటి విద్యార్థులతో చేసిన మొదటి రెండూ విని ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ పెదవి విరిచాడు. ఇదీ చెడితే చదువు అక్కడితో ఆఖరు.

ఓర్విల్ టీగ్ వచ్చి టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ట్రామ్ కండక్టరుగా చేసి రిటైరైన మనిషి.

“మా ఆవిడ పోయాక ఇల్లు బావురుమంటోందమ్మా.”

“ఆవిడ పోయాక ఇల్లు బావురుమంటోందంటారు.”

“నేనన్నదీ అదేగా! చిలకను పెంచుకున్నా ఈపాటి మాట అనేది.”

ఇర్మా ముఖం కందిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది.

“భయంగా ఉందా తల్లీ?”

లేదనబోయింది. నోరు మాట వినలేదు.

“ఉందండీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న ఒమాహాలో, కబేళాలో మాంసం కోస్తాడు. ఈ టేపూ పోతే ఇంటికెళ్ళిపోవాలి.”

ఆయన ధైర్యం చెప్పలేదు. జాలి కూడా చూపలేదు. ఒళ్ళోని టోపీ పక్కన పెట్టి ముందుకు వంగాడు.

“ఇంటికెళ్ళడం కాదు కష్టం,” అన్నాడు మెల్లిగా. “నాన్న కళ్ళలోకి చూడటం.”

ఆమె కళ్ళు నిండాయి. తను ఎవరికీ చెప్పని మాట అది.

ముక్కు తుడుచుకుని ఆయన వైపు చూసింది.

“తాళం తీసి లోపలికెళ్ళాలంటే మీకు కాళ్ళాడవు,” అంది.

“అదీ! ఎదురొచ్చే మనిషి లేదుగా!”

ఆ తర్వాత గంట ఎలా గడిచిందో ఇద్దరికీ తెలీలేదు.

“ముక్కు చీదిన చప్పుడు కూడా పడింది,” అన్నాడు ప్రొఫెసర్ టేపు విని.

ఇర్మా తలదించుకుంది.

“అక్కణ్ణించే బాగుంది. కానివ్వు.”

ఆర్నెల్లకి, మనసు తేలికపడిందంటూ టీగ్ సెలవు తీసుకున్నాడు. నా మొదటి క్లయింటు కోలుకున్నాడని ఇర్మా ఇంటికి రాసింది. నాన్న ఆ ఉత్తరం కబేళా అంతా తిప్పాడట.

రెండేళ్ళకి టీగ్ పోయాడు.

అంత్యక్రియలకి వెళ్ళి చర్చిలో చూస్తే అన్నీ కేంద్రంలోని ముఖాలే.

“నువ్వేంటి ఇక్కడ?” అడిగాడు పక్కనున్న హోబర్ట్, కేంద్రంలో తనతో చదివినవాడు.

క్లయింటు పేరు బయటపెట్టకూడదు. కానీ మనిషే లేడు.

“నా మొదటి క్లయింటు.”

“వేళాకోళమా? నాకూ ఆయనే!”

ముందు బెంచీలో ముగ్గురు ఒక్కసారే వెనక్కి తిరిగారు.

లిండ్‌క్విస్ట్ గొంతు సవరించుకున్నాడు. “ఆయన దుఃఖం ఏడేళ్ళ కిందట నా దగ్గరే తీరింది. ‘కొత్తపిల్లలకి ఎవరో ఒకరి మీద చెయ్యి తిరగాలిగా, నా మీదే కానివ్వండి’ అన్నాడు.”



ఓర్విల్ టీగ్ అన్న పేరు మీరూ కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ కేంద్రానికి వినడం నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ ముందుగా విన్నది ఆయనే.