అతిమధురం పొడి

ఆ ఉదయం నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి, చినుకు రాల్చకుండానే తర్లుపాడు దాటిపోయింది. ఒంగోలులో డాక్టరమ్మ కాటమరాజు చేతికి కట్టిన బీపీ మిషను చూసి తల అడ్డంగా ఊపేసరికి బయట ఎండ మండిపోతోంది.

"నూటడెబ్బై. మూడోసారీ ఇంతే. ఇట్లా ఉంటే ఈయన కిడ్నీ తీసుకోలేను."

ఓబులమ్మ కుర్చీ చేయి పట్టుకుంది. పెద్దకొడుకు గురవయ్య కిడ్నీలు రెండూ చెడి ఏడాదిగా డయాలసిస్ మీద బతుకుతున్నాడు. తనకా షుగరు. పరీక్షల్లో కుదిరింది చిన్నకొడుకు కాటమరాజు ఒక్కడే. ఆమె చూపు తలుపు దగ్గర నిలబడ్డ చిన్నకోడలు కోటమ్మ మీదికి పోయింది. మొగుడు కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టిన రోజు గోడవైపు తిరిగి ఏడ్చింది ఈమే.

డాక్టరమ్మ రిపోర్టు తిరగేసింది. "ఉప్పు పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పే హార్మోను ఒకటుంది. రిసెప్టరు అనే తాళంలో అది చెవిలాగా పడితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ ఎక్కుతుంది. ఈయన రక్తంలో ఆ హార్మోను దాదాపు లేదు. తాళం మాత్రం తీసే ఉంది. ఇంకో హార్మోను పోయి దాన్ని తీయకుండా అక్కడొక కాపలా ఉండాలి. ఆ కాపలా తప్పుకుంది. అతిమధురం దాన్ని తప్పిస్తుంది. అదేమన్నా తింటున్నావా?"

పలకల ఫ్యాక్టరీ దుమ్ముకు దగ్గు పట్టుకుందనీ, మూడు నెలలుగా రెండు పూటలా పాలల్లో ఆ పొడే తాగుతున్నాననీ కాటమరాజు చెప్పాడు.

"ఎవరిచ్చారు?"

అతను చొక్కా చేయి కిందికి దించుకున్నాడు. "ఇంట్లోనే ఇచ్చినారు" అన్నాడు. ఎవరన్నది మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు.

మానేస్తే నెలన్నరలో దిగొచ్చనీ, అన్నాళ్లూ గురవయ్య తట్టుకుంటే మళ్లీ చూద్దామనీ డాక్టరమ్మ చెప్పి పంపింది.

బస్సులో మార్కాపురం దాకా ఓబులమ్మ కోడలి మీద సణుగుతూనే ఉంది.

"మనసు లేకపోతే సంతకం ఎందుకు పెట్టినావు?"

"నాకు భయమే అత్తా. భయపడితే దొంగనయితానా?"

"పాలు కాచేది నువ్వే కదా."

"కాచేది నేను. పొడి కలుపుకునేది నీ కొడుకు. నన్నడుగుతావేంది, ఆయన్నే అడుగు."

కొడుకు కిటికీలోంచి కందిచేలు చూస్తున్నాడు. పెళ్లాన్ని కాచుకుంటున్నాడని ఓబులమ్మకు తేలిపోయింది. ఈ పొడి మానిపిస్తే ఇంకోటి పెడుతుంది. అప్పటికి పెద్దోడు ఉంటాడో లేదో.

తర్లుపాడులో ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. గురవయ్య గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా అతని ముందే చెప్పి, ఓబులమ్మ నాలుగు పళ్లేల్లో అన్నం పెట్టింది. ఉప్పు లేని పప్పు పోసింది.

"మా అత్త నాటి నుంచి ఈ ఇంట్లో ప్రమాణమంటే అన్నం మీదనే. ఆ పొడి ఇచ్చినోళ్లు ఈ కూడు ముట్టొద్దు. ముడితే నా పెద్దబిడ్డ మీద ఒట్టు."

కోటమ్మ అత్త కళ్లలోకి సూటిగా చూసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కాటమరాజు తల వంచుకుని తినసాగాడు. ఓబులమ్మ కూడా కలుపుకుంది గానీ, చూపంతా కోడలి గొంతు మీదే. ముద్ద ఎక్కడా ఆగలేదు. రెండో ముద్దా దిగింది, మూడోదీ దిగింది.

"అది తింటే బీపీ ఎక్కుతాదని డయాలసిస్ కాడ చెప్పినారమ్మా. ఆ దుమ్ములో బతికేటోనికి రెండు కిడ్నీలూ ఉండనీ" అని, గురవయ్య ముట్టని పళ్లేన్ని పక్కకు జరిపాడు.