కౌముదికి బదులుగా

మోకాలి మీద కొడితే పడుతుందా, మెడ మీద కొట్టాలా అని కౌముది ఆలోచిస్తుండగానే, అది కింది ఫ్లాటులో పేరంటం నుంచి తిరిగొచ్చింది. దాని కాళ్లకు పసుపు రాసి పంపారు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్లందరి ఇళ్లలోనూ ఇప్పుడు బదులుమనిషి అనే ఇలాంటి మరమనిషి ఉంది. ముఖం, గొంతు కౌముదివే. కాళ్లు తిమ్మిరెక్కి, మాట ముద్దగా వచ్చే రోజుల్లో పంపడానికి తెచ్చుకుంది. బాగున్న రోజుల్లోనూ ఇప్పుడు అందరూ దాన్నే పిలుస్తున్నారు.

"నా గురించి ఎవరైనా అడిగారా?" అంది కౌముది.

"లేదు," అంది అది నవ్వుతూ.

కౌముది పచ్చడిబండ ఎత్తింది. గురి తప్పి మొదటి దెబ్బ తన పిక్కకే తగిలింది. రక్తం కారింది గాని నొప్పి తెలియలేదు. రెండో దెబ్బకు దాని మోకాలు విరిగింది. "కొట్టకు," అంది అది, జబ్బుకు ముందరి కౌముది గొంతుతో. ఆ నోరు నుజ్జయ్యేదాకా కొట్టింది. ఎంత హాయిగా ఉందో గమనించి భయపడింది.

తలుపు అవతల ఆడపడుచు స్వర్ణ పిలిచింది. "వదినా, కోలాటం మొదలెడుతున్నాం. దాన్ని పంపవే, జత తక్కువైంది!"

"అది రాదు. నేనొస్తా."

"నువ్వా? అంతమందిలో తూలితే?"

"తూలితే పట్టుకో."

కౌముది పిక్క తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, గడియ తీసి, రక్తం అంటిన చెయ్యి బయటికి చాపింది.