కోకో పొడి

"ఉక్కపోస్తోందమ్మాయ్!" అంటూ అత్తగారు ఫ్యాను వేసింది.

చాక్లెట్ల కోసం కోడలు జల్లిస్తున్న కోకో పొడి గుప్పున లేచింది. అత్తగారి మొహం కాఫీపొడి డబ్బాలో ముంచి తీసినట్టయింది.

కోడలు కాపురానికి కొత్త. అత్తగారంటే హడల్. నవ్వితే కొంప మునుగుతుందని పెదవి కొరుక్కుంది గానీ భుజాలు ఆగడం లేదు.

అత్తగారు పెదవులు నాకి చూసుకుంది. "ఛీ, చేదు! చక్కెర వెయ్యలేదూ?"

"పాకంలో ఉందత్తయ్యా..."

"అయితే ఆ పాకం కూడా నా నెత్తినే పొయ్యి. అచ్చులతో పనుండదు!"

కోడలు పకపకా నవ్వేసి, నిలబడలేక నేల మీద కూలబడింది. అత్తగారూ పక్కనే చతికిలబడింది.

"హమ్మయ్య! వచ్చినప్పట్నుంచీ నోరు విప్పవు, నవ్వవు. నేను నీకు నచ్చలేదేమోనని ఎంత హడలిపోయానో తెలుసా పిల్లా!"