ఆపమన్న మనిషి

నూజెండ్ల స్టేజీ దగ్గర బస్సు ఆగలేదు.

"ఏంది జయకరూ, మా ఊరే మర్చిపోయావా?" వెనక నుంచి ఎవరో అరిచారు.

జయకర్ బ్రేకు వేశాడు. కాలు ఆలస్యంగా కదిలింది. ఎదురొచ్చిన ట్రాక్టరు వెంట్రుకవాసిలో తప్పుకుంది.

పదకొండేళ్లుగా తోలుతున్న దారి అది.

అందరూ తిట్టారు. ముందు సీట్లోని ముసలాయన మాత్రం నోరు మెదపలేదు. వినుకొండలో దిగి, తిన్నగా బస్సు ఓనరు అమరేశ్వరరావు దగ్గరికి వెళ్లాడు.

సాయంత్రానికి ఓనరు తాళాలు తీసేసుకున్నాడు.

ఆ ముసలాయన్ని ఎక్కడ చూశాడో జయకర్‌కు ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో, హెచ్‌ఐవీ మందుల లైన్లో.

"నా జబ్బు బయటపెట్టి నోటికాడి కూడు తీశాడే," అన్నాడు భార్య సలోమితో.

"ముందు డాక్టరు దగ్గరికి పద," అందామె.

"మాత్రలు మానేశావు కదూ?" డాక్టరు అడిగాడు.

జయకర్ ఒప్పుకున్నాడు.

"వైరస్ మెదడు మీద పనిచేస్తోంది. మతిమరుపు, కాళ్లూ చేతులూ నెమ్మదించడం అందుకే. మందులు సరిగ్గా వాడితే చాలామంది కోలుకుంటారు. నేను చెప్పేదాకా స్టీరింగు ముట్టుకోకు."

ఏడు నెలలు.

రోజూ పొద్దున్నే బస్టాండుకొచ్చి తన బస్సు స్టార్టయిన చప్పుడు విని వెళ్లేవాడు. తన బదులు వచ్చిన డ్రైవరు గేరు మారిస్తే ఇతని ఎడమ చెయ్యి గాల్లో కదిలేది. నిద్రలో కూడా పాదం క్లచ్ కోసం తడుముకునేది.

చివరికి డాక్టరు మళ్లీ పరీక్షలు పెట్టాడు. చెప్పిన మాటలు తిరిగి చెప్పించాడు. వేళ్లు టకటకా ఆడించమన్నాడు. బస్సు నడపగలడని రాసిచ్చాడు.

అమరేశ్వరరావు తాళాలు చేతిలో పెట్టాడు.

"ఆ ముసలాయన్ని ఎక్కించుకొని మాచర్లదాకా తోలతా సార్. కళ్లారా చూడమనండి!"

"గఫార్ భాయా? పోయిన నెలే కాలం చేశాడయ్యా."

జయకర్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

"నా జబ్బేందో మీకు చెప్పింది ఆయనే గదా?"

"నీకేం జబ్బో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. నీ జాగాలో కొత్తవాణ్ణి పెట్టబోయినప్పుడల్లా వచ్చి అడ్డం పడ్డాడు. బాగుపడి వస్తాడు, ఆగండన్నాడు."

"మరి ఆ రోజు ఏం చెప్పాడు సార్?"

"తన సంగతే చెప్పుకున్నాడు. 'హెచ్‌ఐవీతో మతి తప్పుతున్నా దాచిపెట్టి బస్సు తోలి, కాలవలో పడేసి భార్య షంషాద్‌ను చంపుకున్న డ్రైవర్ని నేనే, ఈ బిడ్డనన్నా ఆపండి' అని నా చేతులు పట్టుకున్నాడు."